స్వచ్ఛ ఇంధన ప్రాజెక్టుల మదింపులో సాఫ్ట్‌వేర్: వికారాబాద్, తాండూరు నేలలకు తగిన అంకెలు కావాలి

వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తను రైతు అడిగే ప్రశ్నల స్వరూపం ఇటీవల మారింది. కందిలో ఎండు తెగులు గురించీ, శనగపచ్చ పురుగు గురించీ అడిగే రైతే ఇప్పుడు, తన పడావు భూమిని సౌర విద్యుత్ కేంద్రానికి కౌలుకు ఇవ్వవచ్చునా, బోరుకు సౌర పంపుసెట్టు బిగించుకుంటే గిట్టుబాటు అవుతుందా, కంది కట్టెకు ఎవరైనా ధర చెల్లిస్తారా అని కూడా అడుగుతున్నాడు. కేంద్ర ప్రభుత్వం 2019లో పీఎం కుసుమ్ పథకాన్ని ఆరంభించిన తరువాత ఈ ప్రశ్నలు మరింత పెరిగాయి. రైతు చేతిలో సాధారణంగా ఒక నివేదిక ఉంటుంది. అందులో ఏటా ఉత్పత్తి అయ్యే యూనిట్లు, పెట్టుబడి తిరిగి వచ్చే కాలం, తగ్గే బొగ్గుపులుసు వాయువు, అన్నీ దశాంశ స్థానాలతో సహా అచ్చై ఉంటాయి. ఆ నివేదికను తయారు చేసింది ఒక సాఫ్ట్‌వేర్.

ఈ సాఫ్ట్‌వేర్‌లను తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అవి ఎంతో ఉపయోగకరమైనవి. మన విద్యార్థులు తప్పక నేర్చుకోవలసినవి. అయితే వాటిలో నింపే అంకెలు మన నేలవి కానప్పుడు, వచ్చే జవాబు కూడా మన నేలది కాదు. ఆ అంకెలను సమకూర్చే బాధ్యత ఇంధన ఇంజినీర్లకన్నా వ్యవసాయ శాస్త్రవేత్తల మీదనే ఎక్కువగా ఉన్నదని నా అభిప్రాయం. వికారాబాద్, తాండూరు ప్రాంతాలను ఉదాహరణగా తీసుకొని ఈ అభిప్రాయానికి గల కారణాలను వివరిస్తాను.

సాఫ్ట్‌వేర్ చేసే పని

ప్రపంచవ్యాప్తంగా ఎక్కువగా వాడుకలో ఉన్నవాటిలో రెట్‌స్క్రీన్ ఒకటి. దీనిని కెనడా ప్రభుత్వ సహజ వనరుల శాఖ అభివృద్ధి చేసి 1998లో మొదటిసారి విడుదల చేసింది. ముప్పైకి పైగా భాషలలో లభించే ఈ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు కూడా ఉన్నదన్న సంగతి మన విద్యార్థులలో చాలామందికి తెలియదు. హోమర్, సామ్ అనేవి అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాలలో రూపుదిద్దుకొన్నాయి. పీవీసిస్ట్ జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధనల నుండి వెలువడింది. పీవీజీఐఎస్ ఐరోపా సంఘానికి చెందిన సంయుక్త పరిశోధన కేంద్రం నిర్వహించే ఉచిత సాధనం. సామ్ కూడా ఉచితమే. రెట్‌స్క్రీన్‌లో చూచే వెసులుబాటు ఉచితంగా ఉన్నా, చేసిన పనిని భద్రపరచుకోవడానికి రుసుము చెల్లించాలి.

వీటి పని తీరులో తేడాలున్నా అడుగులు దాదాపు ఒకటే. మొదట స్థలాన్ని గుర్తించి అక్కడి సూర్యరశ్మి, ఉష్ణోగ్రత, గాలి వేగాల సమాచారాన్ని తీసుకొంటాయి. తరువాత యంత్రాల సామర్థ్యం, నష్టాల ఆధారంగా ఏడాదికి వచ్చే విద్యుత్తును లెక్కిస్తాయి. పిమ్మట ఖర్చులు, ఉద్గారాలు, ఆర్థిక ఫలితాలు, చివరగా అంకెలు అటూ ఇటూ మారితే ఫలితం ఎంత మారుతుందో తెలిపే సున్నితత్వ విశ్లేషణ. ఈ చివరి అడుగే అన్నిటికన్నా విలువైనది. రైతు చేతికి వచ్చే నివేదికలలో సర్వసాధారణంగా లోపించేది కూడా ఇదే.

ప్రతి అడుగులోనూ కొన్ని గడులు ముందే నింపి ఉంటాయి. వీటినే డిఫాల్ట్ విలువలంటాము. సమాచారం లేని చోట పని ఆగిపోకుండా ఉండడానికి వీటిని ఏర్పాటు చేశారు. స్థానిక కొలత దొరికే వరకు అవి తాత్కాలికంగా నిలబడే అంకెలు మాత్రమే. కాని ఆచరణలో ఆ తాత్కాలిక అంకెలే శాశ్వతమవుతున్నాయి.

ఒకే గడిలో రెండు ఊళ్లు

రెట్‌స్క్రీన్‌తో సహా అనేక సాధనాలు భూతల కేంద్రాల కొలతలు లేని చోట నాసా సంస్థ ఉపగ్రహ సమాచారాన్ని వాడుకొంటాయి. అందులో సూర్యరశ్మి అంచనాలు ఒక డిగ్రీ అక్షాంశం, ఒక డిగ్రీ రేఖాంశం కొలతగల గడులలో ఉంటాయి. మన అక్షాంశాల వద్ద ఒక గడి పక్క సుమారు 110 కిలోమీటర్లు. వికారాబాద్, తాండూరు రెండూ 17, 18 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య, 77, 78 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ఉన్నాయి. అంటే ఈ సమాచారం దృష్టిలో రెండూ ఒకే చోటు. జహీరాబాద్, బీదర్, సేడం కూడా అదే గడిలోకి వస్తాయి.

నేల మీద నడిచినవారికి ఈ రెండూ ఒకటి కావని తెలుసు. మూసీ నది పుట్టిన అనంతగిరి కొండలు, వాటి చుట్టూ అడవి, ఎర్ర చెల్కలు, జేగురు నేలలు వికారాబాద్ వైపు ఉంటే, కాగ్నా నది పారే తాండూరు వైపు లోతైన నల్లరేగడి, దాని కింద సున్నపురాయి పొరలు ఉన్నాయి. కొండల మీద వానాకాలంలో కమ్ముకొనే మబ్బు, మైదానంలోని మబ్బు ఒకటే కాదు. పరిగి గుట్టల మీద తిరుగుతున్న గాలిమరలను చూచిన వారికి, గాలి వేగం ఒక గుట్టకూ పక్క పల్లానికీ ఎంత తేడాగా ఉంటుందో వేరుగా చెప్పనవసరం లేదు. పదుల కిలోమీటర్ల సగటు ఆ తేడాను పట్టుకోలేదు.

దీనికి పరిష్కారం లేకపోలేదు. పీవీజీఐఎస్ వాడే ఉపగ్రహ సమాచారంలో గడులు సుమారు 5 కిలోమీటర్ల కొలతలో ఉంటాయి. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ దేశవ్యాప్తంగా సౌర వికిరణ కొలత కేంద్రాలను నెలకొల్పి పటాలను రూపొందించింది. వ్యవసాయ పరిశోధన స్థానాలలోని వాతావరణ కేంద్రాలలో ఎండ కాసిన గంటల నమోదులు ఉన్నాయి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం ఒక స్నాతకోత్తర విద్యార్థికి ఒక సెమిస్టరు పని. ఆ పని పూర్తయితే జిల్లాలోని ప్రతి నివేదికకూ పునాది గట్టిపడుతుంది.

దుమ్ము అనే చిన్న గడి

తాండూరు పేరు చెప్పగానే కందిపప్పుతో పాటు నాపరాయి గుర్తుకు వస్తుంది. గనులు, రాళ్లను కోసి నునుపు చేసే పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు కర్మాగారాలు, రాళ్ల లారీలు తిరిగే రోడ్లు ఈ ప్రాంతపు ఆర్థిక జీవనంలో భాగం. వాటితో పాటే దుమ్ము కూడా. సిమెంటు దుమ్ముకు ఒక ప్రత్యేక గుణం ఉన్నది. మంచు, చిరుజల్లు తగిలితే అది అద్దం మీద గట్టిపడి పొరగా అతుక్కొంటుంది. పొలం మట్టి దుమ్మును వాన కడిగినట్లు దీనిని కడగలేదు.

సామ్‌లో భాగమైన పీవీవాట్స్ లెక్కింపు విధానంలో దుమ్ము వల్ల నష్టం 2 శాతమని ముందే నింపి ఉంటుంది. పీవీజీఐఎస్‌లో దుమ్ముకు వేరే గడి లేదు. అన్ని నష్టాలకూ కలిపి 14 శాతమని ఉంటుంది. ఈ అంకెలను నింపినవారికి తాండూరు తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. తెలిసిన వారం మనం.

ఈ చిన్న గడి విలువ ఎంతో చూద్దాం. మన ప్రాంతంలో ఒక కిలోవాటు సౌర పలకలు ఏడాదికి సుమారు 1,500 యూనిట్లు ఇస్తాయని తీసుకొంటే, ఒక మెగావాటు కేంద్రం 15 లక్షల యూనిట్లు ఇవ్వాలి. దుమ్ము కారణంగా ఉత్పత్తి మరో 5 శాతం తగ్గితే పోయేది 75,000 యూనిట్లు. యూనిటుకు 3 రూపాయల చొప్పున లెక్కించినా ఏడాదికి 2,25,000 రూపాయలు. తరచుగా కడిగితే ఈ నష్టం తగ్గుతుంది నిజమే. కాని కడగడానికి నీరు కావాలి, మనుషులు కావాలి. వేసవిలో తాగునీటికే ఇబ్బంది పడే ఊరిలో ఆ నీరు ఏ బోరు నుండి వస్తుందో నివేదికలో రాయవలసిన అవసరం ఉన్నది.

ఈ నష్టాన్ని కొలవడం కష్టమైన పని కాదు. ఒకే రకం పలకలు రెండు తీసుకొని, ఒకదానిని రోజూ తుడిచి, రెండవదానిని అట్లాగే వదిలివేసి, రెండింటి ఉత్పత్తిని ఏడాది పొడవునా నమోదు చేస్తే చాలు. పట్టణానికి దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి, వికారాబాద్ వైపు ఒకటి చొప్పున మూడు చోట్ల ఈ జతలను ఉంచితే జిల్లాకు సరిపోయే నెలవారీ పట్టిక తయారవుతుంది. ఎరువుల మోతాదుపై మనం వేసే ప్రయోగాలతో పోలిస్తే ఇది చాలా సులభం.

పంపు పని చేసే రోజులెన్ని?

సౌర పంపుసెట్ల మదింపులో ముఖ్యమైన అంకె సూర్యరశ్మి కాదు, పంపు పని చేసే రోజుల సంఖ్య. దీనిని ఏ ఉపగ్రహమూ చెప్పదు. పంట చెబుతుంది.

ఒక ఊహాత్మక లెక్క వేద్దాం. 5 అశ్వశక్తి పంపుకు 4.8 కిలోవాట్ల పలకలు అవసరం. కిలోవాటుకు 1,500 చొప్పున అవి ఏడాదికి 7,200 యూనిట్లు ఉత్పత్తి చేయగలవు. మొత్తం ఖర్చు 3 లక్షల రూపాయలని, 20 ఏళ్ల ఆయుష్షని, వడ్డీ 8 శాతమని అనుకొందాం. పెట్టుబడిని ఏటా సమాన వాయిదాలుగా విభజిస్తే సంవత్సరానికి సుమారు 30,556 రూపాయలు పడుతుంది. ఉత్పత్తి అంతా వినియోగమైతే యూనిటు ఖర్చు 4 రూపాయల 24 పైసలు. నివేదికలో సాధారణంగా కనిపించేది ఈ అంకే.

ఇప్పుడు పంట క్యాలెండరును చూద్దాం. తాండూరు ప్రాంతంలో ప్రధాన పంట కంది, అది వర్షాధారం. జూన్, జూలైలలో విత్తి డిసెంబరు, జనవరిలలో కోసే ఈ పంటకు బోరు నీరు అవసరమయ్యేది పూత, కాత దశలలో బెట్ట ఏర్పడినప్పుడు ఒకటి రెండు తడులకు మాత్రమే. బోరు కింద యాసంగిలో కూరగాయలో, మరొక ఆరుతడి పంటో వేసిన రైతు పంపును 120 రోజులు నడుపుతాడనుకొందాం. అప్పుడు వినియోగమయ్యేది 7,200 యూనిట్లలో సుమారు 2,367 యూనిట్లే. అదే పంపు, అదే ఎండ, అదే ధర. అయినా యూనిటు ఖర్చు 12 రూపాయల 91 పైసలకు చేరింది. ఒక్క రోజుల సంఖ్య మారినందుకే ఖర్చు మూడు రెట్లయింది.

ఉద్గారాల లెక్క కూడా ఇంతే. మన దేశపు గ్రిడ్ విద్యుత్తు యూనిటుకు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ గణాంకాలు తెలుపుతున్నాయి. ఉత్పత్తి సామర్థ్యాన్ని బట్టి లెక్కిస్తే ఈ పంపు ఏడాదికి 5 టన్నులు తగ్గిస్తుంది. గ్రిడ్ విద్యుత్తుకు బదులుగా నిజంగా వాడిన యూనిట్లను బట్టి లెక్కిస్తే తగ్గేది 1.7 టన్నులకు లోపే. పంపుసెట్టు గ్రిడ్‌తో అనుసంధానం కాకపోతే మిగిలిన విద్యుత్తు ఎవరికీ ఉపయోగపడదు. వాడని విద్యుత్తు దేనినీ తగ్గించదు.

ఏ పంటకు ఏ నెలలో ఎన్ని గంటలు పంపు నడుస్తుందన్నది నీటి యాజమాన్య శాస్త్రవేత్తకు తెలిసిన విషయం. పంటల నీటి అవసరం, నేల తేమ, వర్షపాత విస్తరణలపై మన పరిశోధన స్థానాలలో దశాబ్దాల సమాచారం ఉన్నది. అది నీటిపారుదల నివేదికలలోనే ఉండిపోయింది. ఇంధన నివేదికలలోకి ప్రవేశించలేదు. రెండింటి మధ్య వంతెన కట్టగలవారు ఈ పత్రిక పాఠకులే.

ఎవరి లెక్క?

ఆర్థిక విశ్లేషణ పుటలో ఒక్క నికర వర్తమాన విలువ మాత్రమే వస్తుంది. అది ఎవరి విలువ అన్న ప్రశ్నను సాఫ్ట్‌వేర్ అడగదు. మన రాష్ట్రంలో ఈ ప్రశ్నకు ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుండి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి ఆ సరఫరాను 24 గంటలకు విస్తరించారు. కనుక ఇప్పటికే విద్యుత్ కనెక్షను ఉన్న రైతుకు సౌర పంపు వల్ల ఆదా అయ్యే బిల్లు సున్నా. అతని లెక్కలో తన వాటాగా పెట్టిన ప్రతి రూపాయీ ఖర్చే. లైను చేరని చోట డీజిలు ఇంజను నడిపే రైతుకు మాత్రం యూనిటు పనికి మూడో వంతు లీటరు డీజిలు కాలినా ముప్పై రూపాయలవుతుంది. అతనికి 12 రూపాయల 91 పైసలు కూడా లాభమే. పక్కపక్క పొలాలలో ఉన్న ఈ ఇద్దరికీ ఒకే నివేదిక ఇవ్వడం న్యాయం కాదు.

మూడవ లెక్క ప్రభుత్వానిది, డిస్కంది. పై ఉదాహరణలోని పంపును గ్రిడ్‌తో అనుసంధానించారని అనుకొందాం. రైతు వాడిన ప్రతి యూనిటుకు సరఫరా ఖర్చు 7 రూపాయలు ఆదా అయిందని, గ్రిడ్‌కు ఇచ్చిన ప్రతి యూనిటుకు 3 రూపాయల విలువ ఉన్నదని తీసుకొంటే, 2,367 యూనిట్లకు 16,569 రూపాయలు, మిగిలిన 4,833 యూనిట్లకు 14,499 రూపాయలు, మొత్తం 31,068 రూపాయలు. వార్షిక వాయిదా 30,556. మిగులు 512 రూపాయలు. నిర్వహణ ఖర్చును ఇంకా కలపనే లేదు. ఇక దుమ్ము వల్ల దిగుబడి 5 శాతం తగ్గితే ఆదాయం 29,515కు పడిపోయి, మిగులు కాస్తా 1,041 రూపాయల లోటుగా మారుతుంది. లాభనష్టాల మధ్య గీత ఇంత సన్నగా ఉన్నప్పుడు దుమ్ముకు 2 శాతమని ఎక్కడో ఎవరో నింపిన అంకె ఒక ఊరి ప్రాజెక్టు భవితను నిర్ణయిస్తున్నది.

ఇక ఏ లెక్కలోనూ చేరని నాలుగవ పక్షం భూగర్భజలం. సౌర పంపు ఒకసారి బిగించిన తరువాత నీటిని తోడడానికి అదనపు ఖర్చు ఉండదు. సాఫ్ట్‌వేర్ దీనిని లాభంగా చూపుతుంది. ఉచిత విద్యుత్తు విషయంలో మనం చూచినదే ఇక్కడా జరగవచ్చు. ఎక్కువ తోడితే ఎక్కువ విద్యుత్తు వినియోగమై నివేదికలో యూనిటు ఖర్చు తగ్గుతుంది, బోరులో నీరు కూడా తగ్గుతుంది. నీటి, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం ఉద్దేశం ఇంధన మదింపులో ఎక్కడా కనిపించదు. వాడని యూనిట్లను గ్రిడ్‌కు అమ్ముకొనే అవకాశం ఉన్నప్పుడే నీటిని పొదుపు చేసే రైతుకు ప్రతిఫలం దక్కుతుంది. ఈ దృష్టితో చూస్తే పీఎం కుసుమ్‌లో విడి పంపుల విభాగానికీ, గ్రిడ్ పంపుల సౌరీకరణ విభాగానికీ ఉన్న తేడా కేవలం సాంకేతికమైనది కాదు.

పడావు భూమి, కంది కట్టె: సున్నా విలువల కథ

పీఎం కుసుమ్ మొదటి విభాగం కింద 500 కిలోవాట్ల నుండి 2 మెగావాట్ల వరకు కేంద్రాలను సబ్‌స్టేషనుకు దగ్గరగా, వీలైనంత వరకు 5 కిలోమీటర్ల లోపు, బీడు భూములలో నెలకొల్పవచ్చు. విద్యుత్ కొనుగోలు ఒప్పందం 25 ఏళ్లు. ఒక మెగావాటుకు నాలుగైదు ఎకరాలు కావాలి. నివేదికలో ఆ భూమి ప్రస్తుత విలువ గడిలో తరచుగా సున్నా కనిపిస్తుంది. కాని పల్లెలో పూర్తిగా నిరుపయోగమైన భూమి అరుదు. అక్కడ గొర్రెలు, మేకలు మేస్తాయి. కొంతకాలానికి ఆముదమో, ఉలవలో పడతాయి. ఆ మేత మీద బతికేవారు భూమి యజమానులు కాకపోవచ్చు. అందువల్ల కౌలు ఒప్పందంలో వారి పేరు ఉండదు, నివేదికలో వారి నష్టమూ ఉండదు.

పలకలను ఎత్తుగా నిలబెట్టి కింద పంట పండించే పద్ధతికీ పథకం అవకాశం ఇచ్చింది. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ ఈ పద్ధతిపై పరిశోధనలు చేసింది. మన ప్రాంతానికి వచ్చేసరికి ప్రశ్నలు వేరు. కంది మనిషెత్తు పెరిగే పంట. పగటి కాలం తగ్గినప్పుడు పూతకు వచ్చే స్వభావం గలది. పలకల నీడ దాని పూతపై, కాతపై ఏ ప్రభావం చూపుతుంది? పలకల కింద కందికి బదులు పెసర, మినుము, వేరుశనగ, కూరగాయలలో ఏది నిలుస్తుంది? పలకల అంచు నుండి ఒకే వరుసలో పడే వాననీరు నల్లరేగడిని కోస్తుందా? సాఫ్ట్‌వేర్ పలకల మీద పడే ఎండను గంట గంటకూ లెక్కిస్తుంది. వాటి కింద పంట దిగుబడిని మాత్రం చెప్పదు. ఈ ప్రశ్నలకు జవాబు పరిశోధన క్షేత్రంలోనే దొరకాలి.

కంది కట్టె విషయం మరింత స్పష్టమైనది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. గింజకు గుర్తింపు వచ్చింది కాని కట్టెకు లెక్క లేదు. జీవ ఇంధన మదింపులలో కంది కట్టె బరువు గింజ బరువుకు రెండున్నర రెట్లని తీసుకోవడం పరిపాటి. ఎకరాకు 4 క్వింటాళ్ల గింజ వస్తే 10 క్వింటాళ్లు, అంటే ఒక టన్ను కట్టె. ఒక మెగావాటు జీవ ఇంధన కేంద్రం ఏడాదిలో 70 శాతం సామర్థ్యంతో నడిస్తే సుమారు 61 లక్షల యూనిట్లు ఇస్తుంది. యూనిటుకు 1.3 కిలోల చొప్పున దానికి దాదాపు 8,000 టన్నుల కట్టె, అనగా 8,000 ఎకరాల కంది కావాలి. అదీ ప్రతి రైతూ ప్రతి పుల్లా ఇచ్చివేస్తేనే.

కాని ఇవ్వరు. కంది కట్టె ఇంటికి వంటచెరకు, పెరటికి దడి, పందిరికి తడిక. ముడిసరుకు ధర గడిలో సున్నా గాని, కేవలం రవాణా ఖర్చు గాని వేసిన నివేదిక, ఆ ఇంటి స్త్రీలు దానికి బదులుగా ఏమి తెచ్చి పొయ్యిలో పెట్టాలో ఆలోచించదు. సగం కట్టె ఇళ్లకే పోతే కేంద్రానికి 16,000 ఎకరాలు అవసరమవుతాయి. సేకరణ దూరం పెరుగుతుంది. రవాణాకు కాలే డీజిలు పెరుగుతుంది. కట్టె వచ్చేది రెండు మూడు నెలలు, కేంద్రం నడవవలసింది ఏడాదంతా. నిల్వలో తడిసినదెంత, చెదపట్టినదెంత? మరో వైపు, హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ కంది, పత్తి వంటి పంటల కట్టెను బయోచార్‌గా మార్చే చిన్న కొలిమిని రూపొందించింది. నేలకు తిరిగి చేరే ఆ బొగ్గు విలువను కూడా పోలికలో ఉంచాలి. విద్యుత్తు మాత్రమే లాభమనుకొంటే మిగిలిన ప్రయోజనాలన్నీ సున్నాలవుతాయి.

కొన్ని ఆక్షేపణలు

ఈ వాదానికి మూడు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది, బ్యాంకులు ప్రామాణిక నివేదికనే కోరుతాయి, ప్రతి ఊరికీ వేరే అంకెలు పెడితే పోలిక సాధ్యం కాదు అనేది. ఇది సబబైన మాటే. అయితే ప్రామాణికంగా ఉండవలసింది లెక్కింపు పద్ధతి, అంకెలు కావు. భూసార పరీక్షకు ప్రయోగశాల పద్ధతి అందరికీ ఒకటే, కాని నత్రజని విలువ ప్రతి కమతానికీ వేరు. ఈ తేడాను మనం ఎవరికీ కొత్తగా నేర్పనక్కరలేదు.

రెండవది, ఇంత వివరంగా కొలవడానికి కాలం పడుతుంది, ఈలోగా పథకాల గడువు ముగుస్తుంది, వాతావరణ మార్పు మన కోసం ఆగదు అనేది. ఇందులోనూ నిజం ఉన్నది. నేను ప్రాజెక్టులను ఆపమనడం లేదు. కొలత వచ్చే వరకు ఒక్క అంకెకు బదులు ఒక పరిధిని ఇవ్వవచ్చు. పంపు 100 రోజులు నడిస్తే ఇంత, 200 రోజులు నడిస్తే ఇంత అని రెండు వరుసలు రాయడానికి అదనంగా ఒక్క రోజు కూడా పట్టదు. సాఫ్ట్‌వేర్‌లో అందుకు తగిన సున్నితత్వ విశ్లేషణ పుట సిద్ధంగా ఉన్నది. విఫలమైన సౌర ప్రాజెక్టు ఒక ఊరిలో కలిగించే అవిశ్వాసం, ఆలస్యంకన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

మూడవది, ఇది వ్యవసాయ విశ్వవిద్యాలయం పని కాదు, పునరుత్పాదక ఇంధన సంస్థల పని అనేది. పైన చర్చించిన గడులను మరొకసారి చూడండి: పంటకు తడులు, పంపు గంటలు, బీడు భూమి వినియోగం, కట్టె దిగుబడి, నీడలో పంట, భూగర్భజల మట్టం. వీటిలో ఏది ఇంజినీరు చెప్పగలడు?

చేయవలసిన పనులు

నా ప్రతిపాదనలు ఐదు. మొదటిది, తాండూరు వ్యవసాయ పరిశోధన స్థానం కేంద్రంగా జిల్లాకు ఒక స్థానిక విలువల పట్టిక తయారు కావాలి. దుమ్ము నష్టం నెలవారీగా, పంటవారీ పంపు గంటలు, కంది కట్టె దిగుబడి, గృహ వినియోగం, కల్లం వద్ద ధర ఇందులో ఉండాలి. ఏటా దీనిని సవరించాలి.

రెండవది, ప్రతి మదింపు నివేదిక మొదటి పుటలోనే ఊహాంశాల జాబితా ఉండాలి. ప్రతి అంకె పక్కన అది పొలంలో కొలిచినదా, సర్వేలో అడిగి తెలుసుకొన్నదా, సాఫ్ట్‌వేర్ ముందే నింపినదా అని మూడు మాటలలో ఒకటి రాయాలి. ఎన్ని అంకెలు మూడవ రకానివో చూస్తే ఆ నివేదికను ఎంతవరకు నమ్మవచ్చో ఎవరికైనా తెలుస్తుంది.

మూడవది, రైతు లెక్క, డిస్కం లెక్క, సమాజపు లెక్క విడివిడిగా చూపాలి. ఒకరి లాభం మరొకరి నష్టమైన చోట ఆ సంగతి దాచకుండా రాయాలి.

నాలుగవది, స్నాతకోత్తర విద్యార్థులకు ఈ సాఫ్ట్‌వేర్‌లలో ఒకదానిపైనైనా శిక్షణ ఇవ్వాలి. అది ఏ బటను నొక్కితే ఏ పుట వస్తుందో చెప్పే శిక్షణ కాకూడదు. ఒకే పంపుసెట్టుకు వికారాబాద్ దగ్గరి చెల్క రైతు అంకెలతో ఒకసారి, తాండూరు రేగడి రైతు అంకెలతో ఒకసారి మదింపు చేయించి, జవాబులు ఎందుకు వేరయ్యాయో వ్రాయించాలి. ఉచితంగా లభించే సామ్, పీవీజీఐఎస్‌లతో ఇది రేపే మొదలుపెట్టవచ్చు.

ఐదవది, విస్తరణ శాస్త్రవేత్త రైతుకు ఇచ్చే సలహా ఒక పుటకు మించకూడదు. అందులో మూడు ప్రశ్నలకు జవాబు ఉండాలి: ఏ అంకె మారితే ఈ లాభం నష్టమవుతుంది? ఆ అంకె మారే అవకాశం నీ పొలంలో ఎంత? మారితే ఆ నష్టం ఎవరు భరించాలని ఒప్పందంలో ఉన్నది? నికర వర్తమాన విలువ అంటే ఏమిటో తెలియని రైతుకు కూడా ఈ మూడు ప్రశ్నలు అర్థమవుతాయి.

ఇరవై ఐదేళ్ల ఒప్పందం అంటే కౌలుకు ఇచ్చిన తండ్రి సంతకానికి కొడుకు కట్టుబడి ఉండడం. వంగడాన్ని రైతుకు అందించే ముందు మనం బహుళ ప్రదేశాలలో, కొన్ని ఋతువుల పాటు పరీక్షిస్తాము. ఒక చోట వచ్చిన దిగుబడిని మరో చోటికి అంటగట్టము. ఒక పంట కాలానికి పరిమితమైన నిర్ణయానికే ఇంత జాగ్రత్త పాటిస్తున్నప్పుడు, పావు శతాబ్దం భూమిని కట్టివేసే నిర్ణయానికి అంతకన్నా తక్కువ జాగ్రత్త సరిపోదు. వచ్చే వానాకాలానికి ముందే తాండూరులో రెండు పలకలను పక్కపక్కన నిలబెట్టి, ఒకదానిని తుడవడం ప్రారంభిస్తే చాలు; మన పట్టికలో మొదటి అంకె వచ్చే ఏడాదికి సిద్ధమవుతుంది.